మిగిలిన పోగు

నా ముక్కంటే మా ఊళ్ళో అందరికీ నమ్మకం. గంప మీద గోనె తీయకుండానే లోపలి చేప ఇవాళ్టిదో నిన్నటిదో చెప్పేస్తాను. ఐసులో రెండు రోజులు పడుకోబెట్టి తాజా సరుకని అంటగట్టే షావుకార్లు నన్ను చూస్తే పక్క గంప దగ్గరికి తప్పుకుంటారు. చేపలమ్ముకునేదానికి అంతకంటే ఏం కావాలి. ఆ ముక్కుతోనే రెండేళ్ళపాటు నా తమ్ముణ్ణి వాసన చూశాను.

వాడు బయటి నుంచి వచ్చి చొక్కా విప్పి దండెం మీద పడేసేవాడు. పెరట్లో నీళ్ళు పోసుకుంటున్న చప్పుడు వినబడగానే ఆ చొక్కా తీసి కాలరు దగ్గర, జేబు దగ్గర, చేతుల మడతల దగ్గర చూసేదాన్ని. బీడీ వాసన వేరు, గంజాయి వాసన వేరు. గంజాయిది పచ్చిగడ్డి కాల్చినట్టు ఉంటుంది, ఉతికినా ఒక పట్టాన పోదు. వాసన లేకపోతే మనసు కుదుటపడాలి కదా, పడేది కాదు. వాసన లేదంటే వీడు దార్లో ఎక్కడో చొక్కా జాడించుకొచ్చాడు అనుకునేదాన్ని. అనుమానం పెనుభూతం అని పెద్దవాళ్ళు ఊరికే అనలేదు.

ఎచ్చెర్ల దాటాక సముద్రం వైపు తిరిగే రోడ్డు చివర మా ఊరు. ఆడపిల్లల్లో పదో తరగతి పాసైన మొదటిదాన్ని నేనే. దాంతో నాకు ఉద్యోగమేమీ రాలేదు కానీ, ఊళ్ళో ఎవరింటికి ఏ కాయితం వచ్చినా నా దగ్గరికే తెచ్చేవారు. తెల్లారి నాలుగింటికి చేప కొనుక్కుని ఆటోలో చీపురుపల్లి పోవడం, అమ్ముకుని మధ్యాహ్నం దాటాక రావడం నా పని. మా ఆయన గుజరాత్ బోట్ల మీద ఉండేవాడు, ఏడాదికి రెండుసార్లు చుట్టంలాగా వచ్చేవాడు. నాన్న చిన్నప్పుడే పోయాడు. అమ్మా నేనూ తమ్ముడూ, మాకు పెద్ద దిక్కు మా మావ, అంటే అమ్మకి అన్న.

తమ్ముడు కూడా పదిహేడో ఏట గుజరాత్ వెళ్ళాడు, మా ఊరి మగపిల్లలందరూ వెళ్ళినట్టే. నెలల తరబడి నీళ్ళ మీద, నిద్రుండదు, నడుం ఆనించే చోటుండదు. ఎవడో పెద్దవాడు ఇది పీలిస్తే నిద్ర పడుతుందని చేతిలో పెట్టాడట. నిద్ర పట్టింది, తర్వాత అది లేకుండా పట్టడం మానేసింది. ఇంటికొచ్చేశాక కూడా మానలేదు. దానికి తోడు నిద్రమాత్రలు. ఇంట్లో ఇత్తడి సామాను ఒక్కొక్కటే నడిచి వెళ్ళిపోయింది. బిందెకి కాళ్ళెలా వచ్చాయే అని అమ్మ నవ్వుతూ అడిగేది, నవ్వుతూనే కళ్ళు తుడుచుకునేది. వాడు మాత్రం మా ఇద్దరితోపాటు ఆ బిందెని వెతికేవాడు, మంచం కింద కూడా చూసేవాడు. అబద్ధం ఆడేవాణ్ణి చూశాను గానీ, వెతికేవాణ్ణి అప్పుడే చూశాను. వాడు నిజం చెప్పినప్పుడు కూడా నమ్మలేకపోవడానికి పునాది అక్కడ పడింది.

తర్వాత ఎవరో వాడి చేతికి ఒక సంచి ఇచ్చి రైలెక్కించారు. దిగిన చోట ఇంకెవరో వచ్చి తీసుకుంటారు, నీ వాటా పొట్లం నీకు ఇస్తారు అన్నారట. తీసుకునేవాడికంటే ముందు పోలీసులొచ్చారు. సంచి ఇచ్చినవాడి పేరు వీడికి తెలీదు, పుచ్చుకోవాల్సినవాడి మొహం తెలీదు. చేతిలో ఉన్నది కాబట్టి వీడిదే. బెయిలు రాలేదు. కోర్టులో తీర్పు చెప్పిన రోజు నేను చీపురుపల్లి పోకుండా వెళ్ళాను. నాలుగేళ్ళు అన్నారు. వాడు నన్ను చూసి అప్పా, అమ్మకి రెండని సెప్పు అన్నాడు. చెప్పాను. రెండేళ్ళు నిండకుండానే అమ్మ పోయింది కాబట్టి ఆ అబద్ధం బయటపడలేదు.

అమ్మ పోయినప్పుడు వాడు రాలేదు. రావడానికి అనుమతి కాయితం తిరిగి తిరిగి చేతికొచ్చేసరికి మూడో రోజు చేసే చిన్నదినం కూడా అయిపోయింది. తల కొరివి మావ పెట్టాడు. అదే ఏడు మావ తన కూతురికి పెళ్ళి చేశాడు, పలాస వైపు సంబంధం. ఆ పిల్ల ఉయ్యాల్లో ఉన్నప్పటి నుంచి మా తమ్ముడికే అనుకున్న మేనరికం. నేను తప్పు పట్టలేదు, నాకు కూతురున్నా అదే చేసేదాన్ని. పెళ్ళిలో పీట దగ్గర కూర్చుని నవ్వాను కూడా. ఇంటికొచ్చి మాత్రం ఏడ్చాను.

రాష్ట్రం విడిపోయిన మరుసటేడు వాడు బయటికొచ్చాడు. జైల్లో మొదటి నెలలు గోడకేసి తల కొట్టుకున్నాడట, తర్వాత అలవాటు వదిలిందట. అదంతా వాడు చెప్పిందే, కాబట్టి నేను సగమే నమ్మాను. అనుకున్నట్టే వచ్చిన మూడో నెలలో ఒకరోజు చొక్కా వాసనేసింది. పెరట్లోకి వెళ్ళి, ఒంటి మీద నీళ్ళు కారుతున్నవాణ్ణి చెంప పగలగొట్టాను. ఇరవై ఆరేళ్ళవాడు, నాకంటే జానెడు పొడుగు, తలొంచుకుని నిలబడ్డాడు. మర్నాడు శ్రీకాకుళం పెద్దాసుపత్రికి లాక్కెళ్ళాను. డాక్టరు మంచివాడే. ఇది జబ్బమ్మా, ఒకసారి తిరగబెట్టిందని మనిషి పోయినట్టు కాదు, ఇంట్లో పోలీసులాగా కాపలా కాయకండి, అన్నాడు. డాక్టరుకేం, ఆయనింట్లో ఇత్తడి బిందెలు ఉన్న చోటే ఉంటాయి. కానీ వాడు ఆయన రాసిచ్చిన మందులు మానకుండా వేసుకున్నాడు, నెలనెలా తనే వెళ్ళి చూపించుకున్నాడు. మళ్ళీ వాసన రాలేదు. నేను చూడటమూ మానలేదు.

జబ్బుకి మందుంది గానీ శిక్షకి లేదు. హైవే పక్క మందుల ఫ్యాక్టరీలో వాచ్‌మన్ పని ఉందంటే వెళ్ళాడు. ఎత్తూ ఛాతీ చూసి సరే అన్నారు, పోలీసు స్టేషన్ నుంచి నడవడిక కాయితం తెమ్మన్నారు. అక్కడితో ఆ పని అయిపోయింది. గుజరాత్ పోదామంటే, తీరంలో గుర్తింపు కార్డులు తనిఖీ చేస్తున్నారు, నీవల్ల నా బోటు ఆగిపోతాదిరా అని మేస్త్రీ తీసుకెళ్ళలేదు. ఊళ్ళో బోట్లవాళ్ళు ఇవాళ్టికి మనుషులు సరిపోయారనేవారు, వాడు వెనుదిరగ్గానే ఇంకొకణ్ణి ఎక్కించుకునేవారు. కోడి కనబడకపోతే మా ఇంటి వైపు చూపు, ఇంజనులో డీజిలు తగ్గితే మా ఇంటి వైపు చూపు. ఒకావిడ కోడి మూడు వారాల తర్వాత పన్నెండు పిల్లలతో పొదలోంచి వచ్చింది. ఆవిడ నాకేసి చూసి కోడినే తిట్టింది.

వాడికి మిగిలింది అలివి వల ఒక్కటే. అదెలాగంటే, ఒడ్డున ఒక తాడు చివర వదిలి, నావలో వలని అర్ధచంద్రంలాగా సముద్రంలో పరుచుకుంటూ పోయి, రెండో తాడు చివరని ఇంకొంత దూరంలో ఒడ్డుకు తెస్తారు. అక్కడి నుంచి ఒడ్డు మీద రెండు జట్లు రెండు తాళ్ళూ లాగుతాయి. రెండు మూడు గంటల పని, పాతిక ముప్ఫై మంది కావాలి. మా తాతల నాటి నుంచీ దానికి ఒకటే కట్టుబాటు. తాడు పట్టినవాడికి పోగు. వాడెవడు, ఏ ఇంటివాడు, నిన్న ఎవరితో తగువుపడ్డాడు అని అడగరు. దారినపోయే బైరాగి తాడు మీద చెయ్యేసినా చేప ఇవ్వకుండా పంపరు. వలగలవాడి వంతు తీశాక మిగతాది పట్టినవాళ్ళు ఎందరో అన్ని పోగులుగా ఇసక మీద పెడతారు. పేచీ రాకుండా ఒక పెద్దమనిషి పోగులకి వీపు పెట్టి సముద్రం కేసి నిలబడతాడు. వెనక ఒకడు పోగు మీద కర్ర పెట్టి ఇదెవరిది అంటాడు. ఆయన చూడకుండానే ఒక పేరు చెబుతాడు. ఎవరి అదృష్టం వాళ్ళది. మా ఊళ్ళో ఇరవై ఏళ్ళుగా అలా వీపు పెట్టి నిలబడే మనిషి మా మావే.

తమ్ముడు తాడు చివర, అందరికంటే వెనక పట్టేవాడట. మావ వాడి పేరు అందరికంటే చివర చెప్పేవాడట. చెప్పడమైతే చెప్పేవాడు. వల వేసిన రోజు వాడు తువ్వాలులో కవళ్ళో నెత్తళ్ళో, ఏ చిన్న చేప పడితే అది మూటకట్టుకుని ఇంటికి తెచ్చేవాడు. నేను గంపల కొద్దీ చేపలు అమ్మేదాన్ని, అయినా ఆ మూట విప్పి కూర వండితే వాడు రెండుసార్లు అన్నం పెట్టించుకునేవాడు.

ఇలా ఏడాదిన్నర గడిచింది. ఒక మంగళవారం నేను చీపురుపల్లి నుంచి రెండింటికి వచ్చాను. ఆ రోజు మావ వాళ్ళు వల వేశారని, బాగా పడిందని ఆటో దిగగానే విన్నాను. ఇంటికొస్తే తమ్ముడు గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. అప్పటికే స్నానం చేసేశాడు. దండెం మీద చొక్కా తడిగా ఆరుతోంది. తువ్వాలు ఖాళీ.

ఇవేళ వలకి ఎల్లనేదా అని అడిగాను. లేదన్నాడు. కోటబొమ్మాళిలో రైసుమిల్లులో పనుందంటే చూడ్డానికి వెళ్ళొచ్చానన్నాడు. పని దొరికిందా అంటే లేదన్నాడు. ఏ మిల్లు అంటే స్టేషను దగ్గరదే అన్నాడు. నా కళ్ళల్లోకి చూడలేదు. బిందెని మంచం కింద వెతికినవాడి మొహం ఎలా ఉండేదో ఆ రోజు మొహం అలాగే ఉంది.

అన్నం పెట్టి ఎదురుగా కూర్చున్నాను. మామిడికాయ పచ్చడి కలుపుకుంటూ వాడు ఒక్కసారిగా చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. వేళ్ళు సరిగ్గా ముడవడం లేదు, చిన్నగా వణుకుతున్నాయి. నిద్రమాత్రలు మింగిన రోజుల్లో అలాగే వణికేవి. చెయ్యి నీళ్ళలో ముంచి, తుడుచుకుని, చెంచా అడిగాడు. మా ఇంట్లో చెంచాతో అన్నం తిన్నవాడు లేడు. నేను చెంచా ఇచ్చాను, వాడి కళ్ళు ఎర్రగా ఉన్నాయా లేదా చూశాను, దగ్గరికి జరిగి వాసన చూశాను. సబ్బు వాసన తప్ప ఏమీ లేదు. మంగళవారం మధ్యాహ్నం సబ్బుతో స్నానం చేసిన మనిషిని ఎవరు నమ్ముతారు.

గురువారం కానిస్టేబులు వచ్చాడు. మంగళవారం పొద్దున్న పదకొండింటికి చీపురుపల్లి ప్లాట్‌ఫారం మీద ఎవడో గంజాయి సంచి వదిలేసి పారిపోయాడట. పాత కేసులున్నవాళ్ళందరూ ఆ వేళకి ఎక్కడున్నారో రాసుకుంటున్నారు. తమ్ముడు ఇంట్లో లేడు, మందులకని శ్రీకాకుళం వెళ్ళాడు. కానిస్టేబులు మర్యాదగానే అడిగాడు, నీళ్ళు కూడా అడిగి తాగాడు. మంగళవారం మీ తమ్ముడు ఊళ్ళోనే ఉన్నాడా అమ్మా అన్నాడు.

మంగళవారం పదకొండింటికి నేనూ చీపురుపల్లిలోనే ఉన్నాను. స్టేషనుకి నా గంప ఎంతో దూరం కాదు. వీడు నాకు కనబడకుండా అటు నుంచి అటే పోయి ఉంటాడని, తిరిగొచ్చి ఒళ్ళు కడుక్కున్నాడని, చెయ్యి అందుకే వణికిందని ఒక్క క్షణంలో కథంతా అల్లేసుకున్నాను. బాధ కలిగిందని రాస్తే సగం నిజమే. మిగతా సగం ఏమిటంటే, హమ్మయ్య అనిపించింది. రెండేళ్ళుగా ఎప్పుడొస్తుందా అని ఎదురుచూసిన దెయ్యం వచ్చేసింది కాబట్టి ఇంక ఎదురుచూడక్కర్లేదు.

"ఊళ్ళో నేడండి. కోటబొమ్మాళి ఎల్లినానని నాతో సెప్పినాడు. నాకైతే నమ్మకం నేదు" అన్నాను.

ఆ చివరి ముక్క ఎవరూ అడగలేదు. ఆయన అది కూడా రాసుకున్నాడు.

సాయంత్రం వాణ్ణి బస్సు దగ్గరే తీసుకుపోయారు. మర్నాడు నేను బేరం మానుకుని అన్నం క్యారియరు పట్టుకుని స్టేషనుకి వెళ్ళాను. వాణ్ణి లోపల ఉంచారు, నన్ను చూడనివ్వలేదు. ఆ కానిస్టేబులే బయటికొచ్చి క్యారియరు తీసుకున్నాడు. మీ వాడు మాట మార్చాడమ్మా అన్నాడు. మొదట కోటబొమ్మాళి అన్నాడట. ఏ మిల్లు, ఎవరితో మాట్లాడావు అంటే చెప్పలేకపోయాడట. ఇప్పుడు ఊళ్ళోనే వల లాగాను అంటున్నాడట. మరి ఎవరు చూశారో పేర్లు చెప్పు అంటే, ఎవర్నీ అడక్కండి అంటున్నాడట. వల లాగినవాడు పేర్లెందుకు చెప్పడమ్మా, పాతికమంది ఉంటారు కదా అని నన్నే అడిగాడు.

నాకు కోపంతో చెవులు మండాయి. అబద్ధం ఆడితే ఆడాడు, ఇంకాస్త తెలివిగా ఆడొచ్చు కదా. వల లాగితే పోగు ఏది? తాడు ముట్టుకున్నవాడు వట్టి చేతుల్తో ఇంటికి రావడం మా ఊళ్ళో పుట్టి నేను ఎరగను. ఆటోలో వస్తూ దారంతా వాణ్ణి మనసులో తిడుతూనే ఉన్నాను. ఎచ్చెర్ల దగ్గర ఆటో ఆగితే, ఎదురుగా కూర్చున్న ముసలాయన నా ఒళ్ళో ఉన్న ఖాళీ సంచి తాడు కాలి కింద పడిందని వంగి తీసి ఇచ్చాడు. ఆయన అరచెయ్యి చూశాను. నేల తవ్వే చెయ్యి, కాయలు కాసి ఉంది. అప్పుడు తట్టింది నాకు.

చెయ్యి వణకలేదు. మండింది. వేళ్ళు ముడవకపోవడం, పచ్చడి తగిలి చెయ్యి వెనక్కి తీయడం, చెంచా అడగడం. పెద్ద వల నిండా పడ్డ రోజు కొత్త నైలాను తాడు అరిచేతిని ఎలా కోస్తుందో నాకు తెలీదా. మా నాన్న చేతులకి అమ్మ ఆముదం రాస్తుంటే దీపం పట్టుకున్నదాన్ని నేను. కళ్ళు చూశాను, నోరు చూశాను, చొక్కా చూశాను. ఎదురుగా పళ్ళెంలో ఉన్న చెయ్యి చూడలేదు. చూశాను, నాకు కావలసిందే చూశాను.

ఇంటికి వెళ్ళకుండా తిన్నగా మావ దగ్గరికి పోయాను. పాకలో ఒంటరిగా వల బాగుచేసుకుంటున్నాడు. అత్త ఇంట్లో వియ్యాలవారికి పెట్టిన పిండివంటల గిన్నెలు తోముతోంది. పలాస నుంచి కూతురి మావగారు, అల్లుడు మంగళవారం వచ్చి నిన్నటిదాకా ఉండి వెళ్ళారని నాకు తెలుసు. దాన్ని దీనితో కలిపి ఆలోచించలేదు, అంతే.

మంగళవారం తమ్ముడు తాడు పట్టాడా మావా అని అడిగాను. చూడలేదన్నాడు. ముప్ఫైమంది ఉంటారు, ఎవర్నని చూస్తాం అన్నాడు. సూది మీద నుంచి తల ఎత్తలేదు. పోగులెన్ని పెట్టారు అన్నాను. గుర్తు లేదన్నాడు. ఇరవై ఏళ్ళ నుంచి పోగులకి పేర్లు చెప్పే మనిషికి గుర్తు లేదంటే ఎలా అన్నాను. పోగు ఏమైనా మిగిలిందా అని అడిగాను.

సూది ఆగింది. మిగిలిన ఒక పోగు గంగమ్మ తల్లికని పక్కన తీసిపెట్టామన్నాడు. అందరూ దణ్ణం పెట్టుకున్నారట.

"గంగమ్మ తల్లి ఎప్పుడు తాడు పట్టినాది మావా?" అన్నాను.

మావ సూది వల్లోనే గుచ్చి వదిలేసి చేతులు మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. "సూసినాను. సూడకపోతే ఎలాగ ఇడిసిపెడతానే? ఆడి పేరు ఎగ్గొట్టాలంటే ముందు ఆడు కనబడాల గదా" అన్నాడు.

ఆయన మీద నాకు అప్పుడు కలిగిన కోపం ఇప్పటికీ పూర్తిగా చల్లారలేదు. కానీ ఆ మాట అన్నప్పుడు ఆయన గొంతు విన్నదాన్ని కాబట్టి అది కూడా రాయాలి. వియ్యంకుడు, అల్లుడు పక్కనే నిలబడి చేపల పంపకం వేడుక చూస్తున్నారట. ఆ పేరు నోట్లోదాకా వచ్చిందట. జైలుకెళ్ళొచ్చినవాడి పేరు, ఒకప్పుడు తన కూతురికి అనుకున్నవాడి పేరు, ఆ ఇద్దరి ముందు నోరారా పిలవడానికి నోరు రాలేదట. వెనక కర్ర పట్టుకున్నవాడు రెండుసార్లు ఇదెవరిది అని అడిగాడట. మూడోసారికి అమ్మోరిది అనేశాడట. తాడు చివర నిలబడ్డ తమ్ముడు ఖాళీ తువ్వాలు దులిపి భుజాన వేసుకుని వెళ్ళిపోయాడట. ముప్ఫైమంది చూశారు. ఒక్కడూ ఇదేంటని అడగలేదు. పోలీసులొచ్చాక అందరూ తేలు కుట్టిన దొంగల్లా ఊరుకున్నారు. వాడు మాతో ఉన్నాడని చెబితే, మరి వాడి వాటా ఏదని అడుగుతారు కదా.

స్టేషనుకొచ్చి ఈ మాటే చెప్పమన్నాను.

"ఏటని సెప్పీది? తాడు లాగించుకున్నాం, పోగు ఇవ్వనేదు అని నా నోటితో నాను సెప్పాలా? మా తాత నాటి నుంచి ఎవుడూ సెయ్యని పని సేసినానని రాయించుకోవాలా? ఇంక ఆ వల కాడ నాను ఎలాగ నిలబడతాను?"

"ఆడు ఎలాగ నిలబడినాడో అలాగే నిలబడు" అన్నాను.

నాకు నోటి దురుసు ఎక్కువని ఊరంతా అంటుంది. ఆ ఒక్క రోజుకి మాత్రం దాన్ని నేను మెచ్చుకుంటాను. మావ లేచి లోపలికి వెళ్ళాడు. రాడేమో అనుకున్నాను, వెనక గుమ్మం నుంచి వెళ్ళిపోయాడేమో అని కూడా అనుకున్నాను. పెళ్ళిళ్ళకి తొడుక్కునే తెల్లచొక్కా తొడుక్కుని వచ్చాడు. వీధిలో కర్ర పట్టుకునేవాణ్ణి పిలిచాడు. దారిలో ఇంకో ముగ్గురు వాళ్ళంతట వాళ్ళే ఆటో ఎక్కారు.

స్టేషనులో ఎస్సై ముందు మావ చేతులు కట్టుకుని నిలబడి చెప్పాడు. మంగళవారం పొద్దున్న ఎనిమిది నుంచి పన్నెండు దాకా వాడు మా తాడు మీదే ఉన్నాడు, పోగులప్పుడు నేనే పిలవలేదు, అని. ఎస్సైకి ముందు అర్థం కాలేదు. చేప ఇవ్వకపోవడానికీ వాడు ఉన్నాడనడానికీ సంబంధం ఏమిటన్నాడు. మావ మళ్ళీ మొదట్నుంచి చెప్పాడు, ఈసారి గొంతు ఇంకా తగ్గింది. అంతా విన్నాక ఎస్సై కాయితం మీంచి తలెత్తి, అంటే వీడు నిజం చెబితే మీ పరువు పోతుందని వీడు నోరు మూసుకున్నాడన్నమాట అన్నాడు. మావ తల ఊపాడు. ఐదుగురూ సంతకాలూ వేలిముద్రలూ పెట్టారు. పొద్దు వాలకముందే వాణ్ణి వదిలేశారు. పాత జాబితాలోంచి పేరు మాత్రం తీయరట, ఎప్పుడు పిలిచినా రావాలట.

ఇంటికొచ్చాక ఆముదం వెచ్చచేసి వాడి అరచేతులు పట్టుకున్నాను. చర్మం రెండు చోట్ల లేచిపోయి ఉంది. ఆ రోజే నాకెందుకు చెప్పలేదురా అని అడిగాను. "నీతో సెప్తే నువ్వు రేవులోకెల్లి మావని కడిగేస్తావు. అప్పుడు రేపట్నుంచి తాడు కూడా పట్టనివ్వరు. పోగు పోతే పోనాది, తాడుంటే సాలు అనుకున్నాను" అన్నాడు.

నేను స్టేషనువాళ్ళకి చెప్పిన మాట వాడికి తెలుసో తెలీదో నాకు తెలీదు. ఎవరైనా చెప్పకముందే నేనే చెప్పాలనుకున్నాను. ఒరే, కానిస్టేబులు వచ్చినపుడు నాను, అని మొదలుపెట్టాను.

"తెలుసప్పా. సదివి ఇనిపించినారు" అన్నాడు. చెయ్యి వెనక్కి లాక్కోలేదు. "నువ్వు అబద్ధం ఏటి సెప్పినావు? నాను సెప్పిందే సెప్పినావు."

నమ్మకం లేదన్న ముక్క కూడా చదివారా అని అడగలేకపోయాను. ఇప్పటికీ అడగలేదు.

పది రోజుల తర్వాత మళ్ళీ వల వేశారు. మావ ఆ రోజు పోగులకి వీపు పెట్టి నిలబడలేదు. నా వల్ల కాదని కర్ర పట్టుకునేవాణ్ణి నిలబెట్టి, తను పోయి తాడు పట్టుకున్నాడట, అందరికంటే వెనక, తమ్ముడి పక్కన. నేను చీపురుపల్లి నుంచి వచ్చేసరికి తువ్వాలు మూట గుమ్మంలో ఉంది. కానాగంత చేపలు, మంచి బలమైనవి. వాడు పెరట్లోంచి వచ్చి నా ఎదురుగా నిలబడ్డాడు.

"ఎనిమిదింటికి ఎల్లినానప్పా. నా ముందు పెద్దయింటి బావ ఉన్నాడు, నా ఎనక మావ. పన్నెండున్నరకి పోగులు పెట్టినారు. నాలుగోది నాది. తిన్నగా ఇంటికొచ్చినాను. దారిలో కొట్టు కాడ అత్త సూసినాది, కావాలంటే అడుగు" అన్నాడు.

నేనేమీ అడగలేదు. అయినా చెప్పాడు. చేతులు వెనక్కి కట్టుకుని, నేల చూస్తూ, ఎస్సై ముందు మావ చెప్పినట్టే చెప్పాడు.

ఆ రోజు నుంచి వాడి చొక్కా నేను వాసన చూడలేదు. చూడాల్సిన పని కూడా లేదు. ఎక్కడి నుంచి వచ్చినా గుమ్మంలో నిలబడి వెళ్ళిన వేళా వచ్చిన వేళా చెబుతాడు. ఇద్దరు సాక్షుల పేర్లు చెప్పి గాని కాళ్ళు కడుక్కోడు. వద్దురా, నాకు చెప్పక్కర్లేదురా అని ఒక్క మాట అంటే సరిపోతుంది. రోజూ అందామనే అనుకుంటాను. వాడు చెప్పడం మొదలుపెట్టగానే, చేతిలో పని ఆపి, చివరిదాకా వింటాను.